అయ్యా, ఈ పథకానికి నా ఫొటో వేయండి

రాష్ట్రంలో నిరుద్యోగ భృతి పథకం ఒకటి నడుస్తోందన్న సంగతి చాలామందికి తెలియదు. పేపర్లో రాలేదు. అసెంబ్లీలో ఎవరూ ఎత్తలేదు. రిబ్బను కట్టలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. అయినా ఖమ్మంలో, మా రెండు గదుల ఇంట్లో, అది ఒక్క నెల కూడా ఆగకుండా అమలవుతోంది. లబ్ధిదారులు ముగ్గురు. నిధులు నావి. కమిషనరు మా ఆవిడ. మార్గదర్శకాలు ఎప్పటికప్పుడు ఆవిడే మారుస్తుంది, నాకు కాపీ పంపదు.

నేను మండల పరిషత్తు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. ముప్పై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల అర్జీల మీద ‘పరిశీలించి తగు చర్య తీసుకొనగలరు’ అని రాసి పైకి పంపాను. పైవాళ్లు అదే మాట రాసి కిందికి పంపేవారు. ఇన్నేళ్లకు నేనే ఒక అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరికి పెట్టాలో తెలియక ఇలా అచ్చుకెక్కిస్తున్నాను. చదివినవారు తగు చర్య నిమిత్తం పక్కింటివారికి పంపగలరు.

ముందు లబ్ధిదారుల సంగతి.

పెద్దవాడికి 32. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. ‘సాఫ్ట్‌వేరులో ఏం చేస్తాడండీ మీవాడు’ అని ఎవరైనా అడిగితే తొమ్మిదేళ్లు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తడుముకోకుండా చెప్పగలను. ఏమీ చేయడు. ఒక మంగళవారం పొద్దున కంపెనీవాళ్లు వీడియో కాల్‌లోకి పిలిచారట. పదకొండు నిమిషాలు మాట్లాడారట. అందులో నాలుగు నిమిషాలు వాడి పనితనాన్ని మెచ్చుకున్నారట. మా ఆఫీసులో ఒక అటెండరును సస్పెండు చేయాలంటే మెమో, సంజాయిషీ, విచారణ, మళ్లీ మెమో, అన్నీ కలిపి ఏడాదిన్నర పట్టేది. ఆ ఏడాదిన్నరలో మనిషి ఇంకో ఇల్లు కట్టుకునేవాడు. ఇక్కడ పదకొండు నిమిషాలు! మధ్యాహ్నానికల్లా కొరియర్ కుర్రాడు వచ్చి ల్యాప్‌టాప్ పట్టుకుపోయాడు. రెండు నెలల జీతం చేతిలో పెట్టారు. వాడు గది ఖాళీ చేసి, ఒక పరుపు, ఒక మిక్సీ, ఇంకా వాయిదాలు తీరని ఒక బైకు వేసుకుని ఖమ్మం వచ్చాడు.

వీధిలో ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అని చెప్పాం. ఇందులో అబద్ధం లేదు. ఉద్యోగం వెతుక్కోవడం ఎంత పనో ఇంట్లో ఉండి చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే స్నానం, ఇస్త్రీ చొక్కా, కింద మాత్రం లుంగీ. తలుపు మూసుకుని ముందు గదిలో కూర్చుంటాడు. ఇంటర్వ్యూ ఉన్న పూట మా ఇంట్లో కర్ఫ్యూ. మిక్సీ వేయకూడదు, నేను గట్టిగా దగ్గకూడదు, కూరగాయల బండివాడు వస్తే మా ఆవిడ గేటు దాకా పరుగెత్తి వాడి మైకు ఆపించాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక రోజు పొయ్యి మీద కుక్కర్ సంగతి మరిచిపోయాం. మూడో విజిల్ వేసేసరికి అవతల ప్రశ్నలడుగుతున్న పెద్దమనిషి ఆగి, అచ్చ తెలుగులో ‘పప్పా?’ అన్నాడట. మావాడు ‘అవునండీ, దోసకాయ పప్పు’ అన్నాడట. ఆ తర్వాత ఇద్దరూ ఐదు నిమిషాలు హాయిగా మాట్లాడుకున్నారట. ఉద్యోగం రాలేదు. అప్పటినుంచి ఇంటర్వ్యూ ఉన్న రోజు మా ఇంట్లో పచ్చడి మెతుకులే.

చిన్నవాడికి 28. గ్రూప్స్ రాస్తున్నాడు. ‘చదువుతున్నాడు’ అనకుండా ‘రాస్తున్నాడు’ అని ఎందుకన్నానంటే, తెలంగాణ వచ్చాక మొట్టమొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులకు. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశాడు. పేపరు బయటికి పోయిందని తేలి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశాడు. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్, 563 పోస్టులు, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. పరీక్ష మూడుసార్లు రాస్తే అందులో వాడు తప్పింది ఒక్కసారే. మిగతా రెండుసార్లూ పరీక్షే తప్పింది. ఈ లెక్కన మార్కులు వేస్తే వాడిది పైచేయి. కానీ హైదరాబాదు అశోక్‌నగర్‌లో వాడుండే హాస్టలువాడు లెక్కలు అలా చూడడు. పరీక్ష రద్దయిన నెల అద్దె రద్దు చేయడు.

మూడోవాడు మా బావమరిది. ఇతని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇతని కేసు చట్టపరంగా చాలా గట్టిది. 47 ఏళ్లు. జీడిమెట్ల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాడు. ఆ యూనిట్ మూసేశారు. భార్య అక్కడే బ్లౌజులు కుడుతూ కూతురి ఇంటర్ ఫీజు కడుతోంది. ఇతను దసరాకు వచ్చి ‘రెండ్రోజులుండి, ఇక్కడేమైనా గుమాస్తా పని దొరుకుతుందేమో చూసుకుని పోతా బావా’ అన్నాడు. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతి కూడా పోయింది. ఇతను పోలేదు. పొమ్మనడానికి నాకు నోరు లేదు, కమిషనరు గారికి సొంత తమ్ముడు.

ఉద్యోగం పోయినవాడికి చట్టంలో ఏముందో చూద్దామని పాత అలవాటు కొద్దీ కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. ఉంది. ఈఎస్ఐలో 2018 జులై 1 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటి ఉంది. బీమా ఉన్న కార్మికుడికి ఉద్యోగం పోతే 90 రోజుల వరకు సగటు రోజుకూలిలో నాలుగో వంతు ఇస్తామన్నారు. కరోనా ఏడాది దాన్ని సగానికి పెంచారు. జన్మకు ఒక్కసారే. రెండోసారి ఉద్యోగం పోవడాన్ని ఈఎస్ఐవారు దురలవాటు కింద లెక్కేస్తారు. సరే, ఆ ఒక్కసారైనా తెచ్చుకుందామని కాగితాలు తీయమన్నాను. అప్పుడు బయటపడింది అసలు కథ.

ఈఎస్ఐ వర్తించాలంటే నెల జీతం 21,000 దాటకూడదు. 2017 నుంచి ఆ గీత అక్కడే ఉంది. మా బావమరిది జీతం 20,600. పోయినేటికి ముందేడు యాజమాన్యం దయతలచి 800 పెంచింది. 21,400 అయింది. ఆ సంతోషంలో మాకు కిలో బందరు లడ్డు పంపాడు. నేనే నాలుగు తిన్నాను. ఆ 800 వల్ల అతను గీత దాటి ఈఎస్ఐలోంచి బయటికి జారిపోయాడని ఆ లడ్డు తింటున్నప్పుడు ఎవరికి తెలుసు? అన్నేళ్లు జీతంలోంచి పట్టిన వాటా పట్టినట్టే ఉంది, మనిషి మాత్రం పట్టు తప్పాడు.

ఇంకో తలుపు తట్టాం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, తీసేసిన ప్రతి కార్మికుడికీ కొత్త పని నేర్చుకోవడానికి యజమాని 15 రోజుల జీతం ఒక నిధిలో వేయాలని, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలని ఉంది. చదివి ఎగిరి గంతేసినంత పని చేశాను. ముందు పేజీల్లో ‘కార్మికుడు’ అంటే ఎవరో రాశారు. ఇతరుల మీద పెత్తనం చేసే హోదాలో ఉండి 18,000 దాటి జీతం తీసుకునేవాడు కార్మికుడు కాడట. మావాడి గుర్తింపు కార్డు తిప్పి చూశాను. ‘స్టోర్స్ ఇన్‌చార్జి’ అని ఉంది. జీతం పెంచమంటే మూడేళ్లు పెంచకుండా, ఊరుకోబెట్టడానికి ఆ పేరు తగిలించారట. అతని పెత్తనం కింద పనిచేసింది ఒక కుర్రాడు, ఒక తాళంచెవుల గుత్తి. కుర్రాడు కూడా సగం రోజులు రాడు.

‘నన్ను ఇన్‌చార్జి అనకుండా ఉంటే ఎంత బాగుండేది బావా’ అన్నాడు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని. మనిషికి గౌరవం ఎక్కువైతే ఇలాగే ఉంటుందని నేనేదో అనబోయాను. మా ఆవిడ నెయ్యి గిన్నె నా పక్కనుంచి తీసి తమ్ముడి పక్కన పెట్టింది. నోరు మూసుకున్నాను.

ఇక నగదు భృతి. దీని విషయంలో మన పార్టీలను తప్పుపట్టలేం. మొదట 2018లో నెలకు 3,016 రూపాయలన్నారు. ఆ చివరి 16 చూడగానే నాకు గట్టి నమ్మకం కలిగింది. నూటపదహార్లు, వెయ్యిన్నూటపదహార్లు చదివించే జాతి మనది. పదహారు చేర్చి ఇచ్చేది శుభకార్యానికి. కుర్రాడికి ఉద్యోగం లేకపోవడం కూడా ఇకమీదట శుభకార్యమే కాబోలు, తాంబూలంతో సహా ఇస్తారేమో అనుకున్నాను. పీటలు వేసుకుని కూర్చున్నాం, చదివింపులు రాలేదు. 2023లో సరూర్‌నగర్ సభలో 4,000 అన్నారు. పదహారు తీసేశారు కానీ మొత్తం పెంచారు. అది కూడా మా గడప దాకా రాలేదు. అవతల ఆంధ్రలో 2024లో 20 లక్షల ఉద్యోగాలు, అవి వచ్చేదాకా నెలకు 3,000 అన్నారు. పెద్దవాడి జీతం తొమ్మిదేళ్లలో పెరిగినదానికంటే ఈ రాని భృతి త్వరగా పెరుగుతోంది. చేతికి రాకుండా ఇంత నిలకడగా పెరిగే ఆదాయం ఇంకెక్కడా చూడలేదు. ఆదాయపు పన్ను కూడా పడదు.

వచ్చినవాళ్లు అసలే లేరని కాదు. నందిగామలో మా చెల్లెలి కొడుకు ఉన్నాడు. 2018 అక్టోబరు 2న అక్కడి ప్రభుత్వం ముఖ్యమంత్రి యువనేస్తం మొదలుపెట్టినప్పుడు నెలకు వెయ్యి వచ్చింది. 22 నుంచి 35 ఏళ్ల లోపు, డిగ్రీయో డిప్లొమానో ఉండాలి. ఎన్నికల ఏడాది ఆ వెయ్యి రెండు వేలయింది. తర్వాత ప్రభుత్వం మారింది, పథకం ఆగింది. మా మేనల్లుడి మాటల్లో చెప్పాలంటే, ‘మామయ్యా, ఉద్యోగం ఎప్పుడూ రాలేదు కాబట్టి పోయే అనుభవం లేదు, భృతి పోయినప్పుడు మాత్రం ఉద్యోగం పోయినట్టే అనిపించింది.’

కేంద్రం వారు 2024లో మొదలుపెట్టిన ఇంటర్న్‌షిప్ పథకానికి వెళ్దామంటే, అప్పుడు 21 నుంచి 24 ఏళ్ల వారికే అన్నారు. నెలకు ఐదు వేలు, అందులో 4,500 ప్రభుత్వం, మిగతా 500 కంపెనీ. దేశంలోని పెద్ద పెద్ద కంపెనీలు ఒక్కో కుర్రాడి మీద నెలకు 500 ఖర్చుపెడతాయన్నమాట. ఆ మాత్రం మా కమిషనరు గారు పాలవాడికి పండగ మామూలు ఇస్తుంది. 2025 ఆగస్టు నుంచి వచ్చిన ఇంకో పథకంలో 15,000 దాకా ఇస్తారు, కానీ మొదటిసారి పీఎఫ్‌లో చేరేవారికి. మా పెద్దవాడికి పీఎఫ్ నంబరు తొమ్మిదేళ్ల కిందటే వచ్చింది. ఆ 15,000 కూడా రెండు విడతలు. రెండో విడత ముట్టాలంటే ఏడాది పనిచేయడమే కాకుండా డబ్బు జాగ్రత్త గురించి పాఠం చదివి పూర్తిచేయాలి. ఆ పాఠం ఎవరు చెబుతారో కానీ, నెలకు తొమ్మిది వేలతో అశోక్‌నగర్‌లో బతికినవాడికి చెప్పేవాడు గట్టివాడై ఉండాలి.

మా కాలంలో ఇంత తికమక లేదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ అని ఒకటి ఉండేది. డిగ్రీ పాసవగానే వెళ్లి కార్డు తీసుకోవడం, మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం. పోస్ట్‌మాన్ కాల్ లెటర్ తెచ్చాడంటే వీధి వీధంతా మన గుమ్మం ముందు ఉండేది. నాకూ అలాగే వచ్చింది. అయితే ఆ ఆఫీసుకు బలం ఎంతో నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. అప్పుడున్న 1959 చట్టం ప్రకారం ఖాళీలున్నాయని చెప్పడం తప్పనిసరి, అక్కడినుంచే మనిషిని తీసుకోవడం తప్పనిసరి కాదు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజువారి కేసులో సుప్రీంకోర్టు, కార్డు ఉన్నవాళ్లనే పిలిస్తే చాలదు, పేపర్లో కూడా ప్రకటించి అందరికీ అవకాశం ఇవ్వండని చెప్పింది. న్యాయమే. కాకపోతే అప్పటినుంచి ఆ కార్డు పెళ్లి ఫొటోలా బీరువాలో పడి ఉంది. మా చిన్నవాడు మొన్నామధ్య తనది రెన్యువల్ చేయించుకొచ్చాడు. ఎందుకురా అంటే, ‘ఏదో ఒక దాంట్లో నా పేరుండాలి కదా నాన్నా’ అన్నాడు.

మా వీధి చివరి ఇంటి అల్లుడు జర్మనీలో ఉంటాడు. అతనికీ కిందటేడు ఉద్యోగం పోయింది. అక్కడ ఉద్యోగం పోబోతోందని తెలియగానే మూడు నెలల ముందే, అంత వ్యవధి లేకపోతే తెలిసిన మూడు రోజుల్లోపే, వెళ్లి నమోదు చేసుకోవాలట. చేతికి వచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం, ఏడాది వరకు ఇస్తారట. ఆ ఏడాదీ ఊరికే కూర్చోనివ్వరు. ఎన్ని అప్లికేషన్లు పెట్టావు, ఎక్కడికి వెళ్లావు, ఈ కోర్సు చెయ్యి, ఆ ఇంటర్వ్యూకి వెళ్లు అని వెంటపడతారట. తనంతట తాను ఉద్యోగం మానేసి వస్తే మొదటి పన్నెండు వారాలు పైసా ఇవ్వరు. దీనికోసం ముందునుంచే జీతంలో 2.6 శాతం పడుతుంది, సగం మనిషిది, సగం కంపెనీది. వాళ్ల అత్తగారు ఇదంతా గొప్పగా చెబుతుంటే మా ఆవిడ విని ‘ఇందులో కొత్తేముందండీ’ అంది. నిజమే, మా ఇంట్లో ఇవన్నీ ఉన్నాయి. వెంటపడటం పొద్దున కాఫీతో మొదలవుతుంది. ‘ఆ బెంగళూరు వాళ్లు ఏమన్నార్రా’, ‘ఆ సర్టిఫికెట్ కోర్సు ఎంతవరకొచ్చింది’, ‘మామయ్యతో కలిసి ఒకసారి మిల్లు దాకా వెళ్లి రాకూడదూ.’ తేడా ఒక్కటే, జర్మనీ ప్రభుత్వం అడిగేటప్పుడు మధ్యలో ఉప్మా పెట్టదు.

ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోయినా మా ఆవిడకు తెలుసు.

దేశంలోని పల్లెలన్నిటికీ నిరుద్యోగ భృతిని హక్కుగా రాసింది 2005 ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించారు. మొదటి విడత జిల్లాల్లో మా ఖమ్మం కూడా ఉంది. పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే భృతి ఇవ్వాలని అందులో రాశారు: మొదటి నెల కూలిలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. చక్కటి అక్షరాలు. అయితే అప్పట్లో కూలి డబ్బు కేంద్రానిది, భృతి డబ్బు రాష్ట్రానిది. కూలి ఎంత పంచితే అంత పేరు, భృతి ఒక్క రూపాయి ఇచ్చినా సంజాయిషీ. మరి మనిషి పని అడిగాడనడానికి రుజువేమిటి? అడిగినప్పుడు తేదీ వేసి ఇవ్వాల్సిన రసీదు. రసీదు ఇస్తే 15 రోజుల లెక్క మొదలవుతుంది. ఇవ్వకపోతే ఆ మనిషి అడగలేదు. అడగనివాడికి భృతి ఎందుకు?

ఆ రసీదు పుస్తకాలు మా ఆఫీసులో నా వెనకాల బీరువాలోనే ఉండేవి. నేను రిటైరయ్యేనాటికి కూడా కొత్తవాసన వేస్తున్నాయి. ఎండలో నడిచొచ్చి, చెట్టు కింద చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడి ‘సారూ, పని ఎప్పుడు పెడతరు’ అని అడిగే ఆడవాళ్లకు, ‘పెట్టగానే టముకు వేయిస్తాం, పోండమ్మా’ అని చెప్పాను. మర్యాదగానే చెప్పాను. కుండలో నీళ్లు తాగి పొమ్మన్నాను కూడా. రసీదు మాత్రం ఇవ్వలేదు. ఎవరూ ఇవ్వొద్దని కాగితం మీద రాయలేదు. రాసి ఉంటే ఆ కాగితం నాకు గుర్తుండేది.

ఇప్పుడు ఇంట్లో రిజిస్టరు పెట్టాను. రూళ్ల పుస్తకం, 200 పేజీలు. పేరు, తేదీ, మొత్తం, దేనికి, అడిగిన తేదీ, సంతకం. మా ఆవిడకు తెలియకుండా టీవీ వెనకాల పెట్టి రాస్తున్నాను. నా పింఛను 41,000. డీఏ బకాయిల సంగతి ఇక్కడ ఎత్తను, అది ఇంకో అర్జీ. అందులో చిన్నవాడికి నెలకు 9,000, పెద్దవాడి బైకు వాయిదా, నెట్ బిల్లు, బావమరిది కూతురి ఫీజుకు అప్పుడప్పుడు. నా బీపీ మాత్రలు, కరెంటు, సరుకులు పోగా మిగిలేదేమిటో రాయడానికి గడి పెట్టలేదు.

పథకం నిబంధనలు ఇవి: నగదు చేతికి ఇవ్వరాదు. పెద్దవాడికి ఇవ్వాల్సింది ఇస్త్రీ చొక్కా జేబులో, మడతపెట్టి, వాడు స్నానానికి వెళ్లినప్పుడు పెడతారు. బావమరిది డబ్బు మినప్పప్పు డబ్బాలోంచి బయటికొచ్చి ‘కూరగాయలు తెస్తావా, చిల్లర నువ్వే ఉంచుకో’ అనే మాటతో చేరుతుంది. ఒక పూట కొత్తిమీర కట్టకు 500 నోటు ఇచ్చి పంపింది. నేను చూస్తూనే ఉన్నాను. చిన్నవాడికి ఫోన్‌లో పంపి, ‘బస్సు ఛార్జీకి’ అని రాయాలి. ఖమ్మం నుంచి హైదరాబాదుకు 9,000 ఛార్జీ పెట్టే బస్సు ఏదని నేను అడగకూడదు. లబ్ధిదారులు కూడా తమవంతు నిబంధనలు పాటిస్తున్నారు. ముగ్గురిలో ఒక్కడు కూడా ఇంతవరకు నోరు తెరిచి అడగలేదు. ‘అడిగిన తేదీ’ అనే గడి పుస్తకం నిండా ఖాళీగా ఉంది. ఆడిటువాళ్లు వస్తే ఈ మొత్తం ఖర్చు నా నుంచి రికవరీ చేస్తారు. అడగనివాళ్లకు ఎందుకిచ్చావయ్యా అంటే నా దగ్గర జవాబు లేదు.

ఈ పథకానికి ఉన్న పెద్ద లోపం గ్యారంటీ. ఏటా నేను బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేనే పింఛను వస్తుంది, పింఛను వస్తేనే భృతి వస్తుంది. కాబట్టి నా బతుకు ఇప్పుడు నా సొంత వ్యవహారం కాదు, ప్రజాహితం. మామిడికాయ పచ్చడి కేసి చేయి చాపితే మూడు వైపుల నుంచి ‘బీపీ’ అంటారు. సాయంత్రం నడకకు ఎవరో ఒకరు తోడొస్తారు. కిందటి నెల రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేచి చీకట్లో స్టూలు తన్నుకుంటే, మూడు లైట్లు ఒక్కసారి వెలిగాయి. ముగ్గురూ మెలకువగానే ఉన్నారు. పండగ సెలవని చిన్నవాడు కూడా ఇంట్లోనే ఉన్నాడు ఆ రోజు. రెండింటికి ముగ్గురికీ నిద్ర ఎందుకు పట్టలేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నీళ్లు తాగి పడుకున్నాను.

పునరుపాధి విభాగం గురించి కూడా రెండు ముక్కలు రాస్తాను, పథకం సగమే అమలైందని నింద రాకూడదు. మా టీ కొట్టు దగ్గర పొద్దున్నే కలిసేవాళ్లలో మిర్చి యార్డు కమిషన్ వ్యాపారి ఒకాయన ఉన్నాడు. సీజను మొదలై సరుకు బాగా దిగుతోంది, చిట్టాలు రాసే కుర్రాడు పెళ్లి చేసుకుని పోయాడని వాపోతుంటే, మా బావమరిది ఇరవై ఏళ్లు సరుకు లెక్కలు రాశాడు, ఒక్క బస్తా తేడా రాదు అన్నాను. ‘వయసు?’ అన్నాడు. చెప్పాను. ‘నయమే, సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చోడు’ అన్నాడు. అంతే. అప్లికేషన్ లేదు, కోర్సు లేదు, వీడియో కాల్ లేదు. రోజుకు 600, ఉగాది దాటి సరుకు పలచబడేదాకా. ఆ తర్వాత ఏమిటంటే, ఆ తర్వాత మళ్లీ పథకమే.

మొదటి రోజు రాత్రి ఎనిమిదింటికి వచ్చాడు. గుమ్మం దాటకముందే ఘాటు వచ్చింది. చొక్కా, తల, చెవులు, చేతిలో టిఫిన్ డబ్బా, అంతా మిరపకాయ. ముందు పెద్దవాడు తుమ్మాడు, తర్వాత నేను. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతూనే వేణ్ణీళ్లు తోడింది. అతను స్నానానికి వెళ్లకుండా అలాగే నా దగ్గరకు వచ్చి, జేబులోంచి 200 తీసి టీవీ పక్కన పెట్టి, ‘రిజిస్టరులో రాసుకో బావా’ అన్నాడు. ఎప్పటినుంచి తెలుసో తెలియదు. ఆ పుస్తకంలో నేను జమ గడి పెట్టుకోలేదు. స్కేలు వెతికి కొత్తగా గీయాల్సి వచ్చింది.

కనుక ఏలినవారికి నేను విన్నవించుకునేది ఇంతే. నాకు నిధులు అక్కర్లేదు, బకాయిలు కూడా తర్వాత చూసుకుందాం. రేపు ఎప్పుడైనా ఈ భృతి పథకాన్ని కొత్త పేరుతో ప్రారంభిస్తే, ఫ్లెక్సీలో ముఖ్యమంత్రి గారి పక్కన, మంత్రిగారి కింద, ఎమ్మెల్యేగారి చేతికి అడ్డం రాకుండా, ఎక్కడో ఒక మూల నా ఫొటో వేయించండి. నాది చిన్నదైనా ఫరవాలేదు, మా ఆవిడది మాత్రం కొంచెం పెద్దది వేయాలి. పాస్‌పోర్టు సైజు, ఆరేసి కాపీలు తీయించి ఉంచాను. అందినట్టు రసీదు ఇప్పించగలరు.